జడ్జిగారింటి కొసరు

నా భార్యను ఉద్యోగంలో ఉంచాలా, ఇంటికి పంపాలా అని పైకోర్టు వాళ్ళు తేల్చే ఏడాదిలోనే ఆవిడ మీద ఒక అర్జీ వెళ్ళింది. అందులో నోట్ల కట్టల మాట లేదు. స్థలాల మాట, బంగారం మాట లేదు. వంకాయలు, పచ్చిమిరపకాయలు, పనసపొట్టు ఉన్నాయి. వాటిని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చినవాణ్ణి నేను.

ఆవిడ జడ్జి. పేపర్లో ఫొటోలు పడే కోర్టు కాదు ఆవిడది. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు ఒక చిన్న ఊళ్ళో సీనియర్ సివిల్ జడ్జి. అన్నదమ్ముల వాటాలు, ప్రామిసరీ నోట్లు, పొలం గట్లు, ఒకరి చూరు నీళ్ళు ఇంకొకరి వాకిట్లో పడడం, అక్కడికి వచ్చే తగాదాలు ఇలాంటివి. బయటివాళ్ళకు అవి చిన్నవి. వచ్చినవాళ్ళకు మాత్రం వాటికన్నా పెద్దవి లేవు.

ఈ ఉద్యోగంలో ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా ఢోకా లేదని మా వాళ్ళందరూ అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కాదు. యాభై దగ్గర ఒకసారి, ఆ తర్వాత మళ్ళీ, జడ్జి సర్వీసు మొత్తాన్ని పైన తిరగేస్తారు. ఎన్ని తీర్పులు రాసింది, ఎలా రాసింది, ఏళ్ళ తరబడి మూలుగుతున్న దావాలు ఎన్ని తేల్చింది, నడవడిక ఎలాంటిది. ఇంకా పనికొస్తుందనుకుంటే ఉంచుతారు. లేదంటే పెన్షను ఇచ్చి మర్యాదగా పంపేస్తారు. ఆ మర్యాద ఎలాంటిదో అలా వెనక్కి వచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళితే తెలుస్తుంది. ముందుగదిలో టీవీ నడుస్తూ ఉంటుంది. ఎవరూ చూడరు.

మాది విజయనగరంలో కిరాణా కొట్టు. నేను ఇంటరుతో చదువు ఆపి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి. లెక్క ఎవరూ నేర్పలేదు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో పొట్లాలు కట్టే పాత కాగితాల మీద వడ్డీలు, వాటాలు, కొలతలు వేసుకుంటూ నేర్చుకున్నాను. పాత రైతులు వీశెల్లో అడిగితే కిలోల్లోకి నోటితోనే మార్చి చెప్పేవాణ్ణి. పెళ్ళయ్యేనాటికి మా ఆవిడ ఒక పెద్ద వకీలు దగ్గర జూనియరు. ఆ తర్వాత జడ్జి పరీక్ష రాసింది, ప్యాసయింది. మూడేళ్ళకో ఊరు. కొట్టు మా అన్నయ్యకు వదిలేసి నేను వెంట వెళ్ళాను. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ చిన్న చిన్న కొట్లకు ఫోనులోనే లెక్కలు చూసిపెట్టేవాణ్ణి. అవీ విజయనగరం కొట్లే. ఉంటున్న ఊళ్ళో ఎవరి లెక్కా ముట్టుకోకూడదు, అది మా ఇంటి నియమం.

అన్నయ్య మాత్రం వదిలేవాడు కాదు. పండక్కో పబ్బానికో ఫోను చేసి, "ఏరా, ఈయేళ కోర్టు ఏటి తీర్పిచ్చింది? బీరకాయా, దొండకాయా?" అనేవాడు. "నీకేటిరా, సంచి పుచ్చుకుని తిరిగే పనికి క్వార్టర్సు, కరెంటు, జవాన్ల నమస్కారాలూను. మేం పొద్దున్నుంచీ కాటా దగ్గర నిలబడితే నడుములు పడిపోతన్నాయి."

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మా ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది.

"మనం ఎవరమో కొట్టువాడికి తెలియనంతవరకే ఆ కొట్లో కొనండి. తెలిసిన రోజున కొట్టు మార్చేయండి."

"ఊళ్ళో కొట్లన్నీ అయిపోతే?"

"అప్పటికి బదిలీ వచ్చేస్తుంది లెండి."

నవ్వుతూ అన్నా నిజంగానే అన్న మాట అది. అలాగే చేశాను కూడా. ఒక ఊళ్ళో పాలు పోసే అతన్ని మూడుసార్లు మార్చానంటే నమ్మరు. ఒక ఊళ్ళో కిరాణా కొట్టాయన డబ్బు పుచ్చుకోను పొమ్మన్నాడు. గల్లామీద పెట్టేసి బయటికొచ్చి, మళ్ళీ ఆ వీధిలోకి వెళ్ళలేదు. వకీళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు మేం వెళ్ళం. మా ఇంట్లో శుభకార్యానికి వాళ్ళను పిలవం. కోర్టు జవాను చేత ఇంట్లో ఒక బిందె నీళ్ళు పట్టించిన పాపాన పోలేదు. దీన్నంతా మా బంధువులు పొగరు అంటారు. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉండేది. ఆ గర్వం నాది కాదు, ఆవిడది. నేను దాన్ని వాడుకున్నాను, అంతే.

జడ్జిలకు నెలనెలా యూనిట్లుంటాయి. ఒక్కో రకం తీర్పుకు ఇన్ని అని కట్టి, నెలాఖరుకు కూడతారు. ఈ సంగతి తెలిసిన నాటినుంచి నాకు నిద్ర పట్టేది కాదు. ఫలానా నెల తక్కువైందనో, ఫలానా రకం రెండు రాస్తే సరిపోతుందనో లెక్క కట్టి భోజనాల దగ్గర చెప్పేవాణ్ణి.

"నా తీర్పుల్ని మీరు బియ్యం బస్తాల్లా లెక్కేస్తున్నారు," అనేది.

"లెక్క లేకుండా ఏది ఉందే?"

"ఉంది. మా మీద ఏటా రాసే రిపోర్టులో నిజాయితీ అని ఒక గడి ఉంటుంది. దానికి అంకె ఉండదు."

"మరి ఏం రాస్తారు?"

"ఒక మాట. ఆ మాట బాగుంటే దాన్ని ఎవరూ చూడరు. బాగోకపోతే ఇంకేదీ చూడరు."

నేను ఆవిడ సర్వీసంతా మనసులో కూడి పెట్టుకున్నాను. తీర్పులు బాగున్నాయి, పాత దావాలు తేల్చింది, అన్ని ఏళ్ళలోనూ ఆ గడిలో మంచి మాటే ఉంది. యాభయ్యో ఏడు దగ్గర పడుతుంటే నాకు భయం లేదు. కొట్లో సరుకు నిండుగా ఉన్నవాడి ధీమా అది.

ఉద్దానం వైపు ఆ ఊరికి వెళ్ళాక, బస్టాండు మలుపులో నీలం పట్టా కింద ఒక కూరగాయల ఆవిడ దగ్గర కొనడం మొదలుపెట్టాను. నా వయసే ఉంటుంది. పక్కన భావనపాడు వైపు నుంచి వచ్చే ఎండుచేపల బుట్టలు, వాటి మీద ఈగలు; మా ఇంట్లో నీచు తినకపోయినా ఆ వాసనకు నేను అలవాటుపడ్డాను. దానికి కారణం ఆవిడ తక్కెడ. కొట్టు వదిలి ఇన్నేళ్ళయినా నాకొక అలవాటు పోలేదు. తెచ్చిన సరుకు ఇంట్లో మళ్ళీ తూచుకుంటాను. మా కొట్టునుంచి తెచ్చుకున్న చిన్న కాటా ఒకటి వంటింటి గట్టు మీద ఉంటుంది. ఏ ఊరి సంత చూసినా కిలోకు నూరు గ్రాములైనా తరుగు. ఈవిడ దగ్గర కిలో అంటే కిలో. అది తూగిన తర్వాత పళ్ళెం కాస్త మొగ్గేలా ఇంకొకటి వేసేది. సంచిలో పోశాక, కొసరుగా ఓ గుప్పెడు మిరపకాయలో కరివేపాకు రెబ్బలో పైన పడేసేది. నాకు ఆవిడ తూకం చూస్తే పాత పాట విన్నట్టుండేది.

కొసరు గురించి నాకొకరు చెప్పక్కర్లేదు. చూసేవాళ్ళకు అది లెక్క లేకుండా వేసినట్టు కనిపించాలి. వేసేవాడికి మాత్రం లెక్క తెలియాలి. మా నాన్నగారు మా ఇద్దరికీ కొట్లో మొదట నేర్పింది అదే. "అందరికీ ఒకేలా వెయ్యండిరా. ఒకరికి ఎక్కువేస్తే వాడు సంతోషపడడు, పక్కవాడు మాత్రం సూస్తాడు," అనేవారు.

ఆ మాట నాకు బాగా గుర్తుంది. అదే నా బాధ.

ఒక ఆదివారం ఆవిడ వంకాయలు తూస్తూ ఉంటే కోర్టు జవాను ఒకడు సైకిలు దిగి, "నమస్కారం సార్, అమ్మగారు క్యాంపు నుంచి వచ్చారాండీ?" అని అడిగి వెళ్ళాడు. ఆవిడ తక్కెడ పట్టుకునే వాడి వంక చూసింది, నా వంక చూసింది.

"కోర్టోడు నీకు దండమెడతాడేటి బావూ?"

నేను సంచి సర్దుకున్నాను. పక్కన ఎండుచేపల ఆవిడ నవ్వింది. "ఓలమ్మ, నీకు తెల్దేటి? జడ్జమ్మ మొగుడు గదేటి. సంచి సూసి మేస్త్రీ అనుకున్నావేటి?"

"ఓలప్పో! మరి ముందే సెప్పకూడదేటి బావూ? ఇన్నాళ్ళూ మామూలోడనుకునీసి సంచి నేల మీదెట్టించినాను."

ఆ వేళ గుప్పెడు మిరపకాయలకు బదులు రెండు గుప్పిళ్ళు పడ్డాయి. పైన రెండు ములక్కాడలు.

మా ఇంటి నియమం ప్రకారం నాకు అదే ఆఖరి రోజు కావాలి. నేను మారలేదు. ఇంత తూకం ఉన్న మనిషి ఈ ఊళ్ళో ఇంకెక్కడ దొరుకుతుంది అనుకున్నాను. అది నిజమే కాబట్టి చాలా రోజులు అదే కారణమని నమ్మాను. వారాలు గడిచేకొద్దీ కొసరు పెరిగింది. మిరపకాయలు పోయి వంకాయలు వచ్చాయి. పనసకాయల కాలంలో సన్నగా కొట్టిన పొట్టు, ఆకులో కట్టి, "అమ్మగోరికి పెట్టు బావూ" అని పైన పెట్టేది. నేను "చాలు, చాలు" అనేవాణ్ణి. ఇంటికొచ్చి తూచేవాణ్ణి. కొన్నది వేరే, కొసరు వేరే. కొన్నదాంట్లో నాలుగోవంతు దాకా కొసరే వచ్చిన రోజులున్నాయి. ఆ అంకె చూసి నాకు భయం వేయలేదు. కొట్టువాడి కొడుకుని, సంతోషం వేసింది. ఎన్నేళ్ళుగానో సంచి పట్టుకుని తిరుగుతున్న మనిషిని ఎవరో గుర్తించినట్టుండేది. దానికి అభిమానం అని పేరు పెట్టుకున్నాను.

మిరపకాయలు ఎక్కువైపోయి, చీల్చి మజ్జిగలో ఊరవేసి క్వార్టర్సు మేడ మీద ఆరబోశాం. చుట్టుపక్కల అందరికీ కనిపించేవి. ఒక రోజు మా ఆవిడ వాటిని చూసి అడిగింది.

"ఇన్ని ఎందుకు కొన్నారండీ?"

"కొనలేదు. కొసరు."

"ఇంత కొసరా? మనం ఎవరమో ఆవిడకి తెలుసా?"

"ఏమో. నేనైతే చెప్పలేదు."

నేను చెప్పలేదన్నది అక్షరాలా నిజం. సాక్షులు మాటల్ని ఎలా మడతపెడతారో ఆవిడ కోర్టు కబుర్లలో ఇన్నేళ్ళు విని నవ్వుకున్నాను. ఆ మడత ఇంటికి తెచ్చి ఆవిడ ముందే పరిచాను. ఆవిడకు మరుసటి రోజు రాయాల్సిన తీర్పు ఏదో ఉంది. లోపలికి వెళ్ళిపోయింది.

అర్జీ సంగతి తెలిసిన రోజున ఆవిడ మధ్యాహ్నం ఇంటికొచ్చింది. కోర్టు పనిదినాన భోజనానికి ఇంటికి రావడం ఎరగదు, డబ్బా తీసుకెళుతుంది. కుర్చీలో కూర్చుని, నీళ్ళు కూడా అడగకుండా, జిల్లా జడ్జిగారి ఆఫీసు నుంచి వివరణ కోరుతూ కాగితం వచ్చిందని చెప్పింది. ఒక దావాలో ప్రతివాది పెట్టిన అర్జీ. అవతలి పక్షం ఆవిడ బస్టాండు దగ్గర కూరగాయలు అమ్ముతుందని, వారం వారం జడ్జిగారింటికి ఊరికే కూరలు వెళుతున్నాయని, అవి జడ్జిగారి మేడ మీద ఆరుతున్నాయని, తనకు ఈ కోర్టులో న్యాయం జరగదని, ఇలాంటి జడ్జిని ఇంకా ఉద్యోగంలో ఉంచడం తగునా అని.

"ఆవిడేనా మీరు కొనేది?"

"బస్టాండు దగ్గరే కొంటాను. పేరు తెలీదు."

అదీ నిజమే. పేర్లు అడగకూడదన్నది మా నియమం. నాకు పనికొచ్చిన నియమాన్ని మాత్రం నేను బాగా పాటించాను.

"బొట్టు పెద్దగా ఉండదు. ఎడమ చేతికి కాలిన మచ్చ," అంది మా ఆవిడ. బోనులో చూసిన మనిషిని చెబుతోందని నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. తక్కెడ పట్టుకునే ఆ చేతిని నేను ఏడాదిగా చూస్తున్నాను.

"ఆవిడే," అన్నాను.

లేచి ఆవిడకు గ్లాసుతో నీళ్ళు తెచ్చిపెట్టాను. తర్వాత నేనే మొదలుపెట్టాను. "దీనికి ఇంత కంగారేం అక్కర్లేదు. కొసరు ఈ దేశంలో అందరికీ వేస్తారు. అది ఆచారం అని రాసెయ్. అబద్ధం కూడా కాదు."

"మిగతావాళ్ళకి ఎంత వేస్తుంది?"

"గుప్పెడు."

"మనకి?"

"కాస్త ఎక్కువే."

"కాస్త అంటే?"

బోనులో ఉన్నవాణ్ణి అడిగినట్టు అడగలేదు. కూర ఎంత మిగిలిందని అడిగినట్టు అడిగింది. అందుకే చెప్పేశాను. "ఒక్కోసారి ముప్పావు కిలో."

"మీకెలా తెలుసు?"

"తూచాను."

ఆవిడ వంటింటి గట్టు మీదున్న కాటా వంక చూసింది.

"తూచి కూడా ఊరుకున్నారా?"

అంతకుమించి ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. ఎవరైనా నన్ను నాలుగు తిడితే ఆ నాలుగూ లెక్కపెట్టుకుని ఎప్పటికో చెల్లు పెట్టుకునేవాణ్ణి. ఈ ఒక్క ప్రశ్నకు చెల్లు లేదు.

ఆవిడ వివరణ రాసి పంపింది. కొసరు ఆచారమేనని, అయితే తమ ఇంటికి వచ్చింది ఆచారాన్ని మించినదని, తన భర్త దాన్ని తూచి చూశాడని, ఆ అమ్మే మనిషి తన కోర్టులో వాది అని అర్జీ వచ్చేదాకా తమ ఇద్దరిలో ఎవరికీ తెలియదని, తన ఇంటికి ఏం వస్తోందో చూసుకోవలసిన బాధ్యత తనదేనని. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. చివర, ఆ దావా ఇక తాను తేల్చడం తగదని, వేరే కోర్టుకు పంపమని కోరింది.

అప్పుడు తెలిసింది. ఆ దావాలో వాదనలు అయిపోయాయి. మరుసటి వారం తీర్పు చెప్పాల్సి ఉంది. తీర్పు సగం రాసి కూడా ఉంది. ఎవరికి అనుకూలంగా రాసిందో ఆవిడ నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఇవాళ్టికీ నాకు తెలియదు.

విచారణకు మమ్మల్ని శ్రీకాకుళం పిలిచారు. నా వాంగ్మూలం, ఆ కూరగాయల ఆవిడ వాంగ్మూలం ఒకే రోజు. వరండాలో ఉన్నది ఒక్కటే బల్ల. నేను వెళ్ళేసరికే ఆవిడ దాని చివర కూర్చుని ఉంది. ఉతికిన చీర, పక్కన నీళ్ళ సీసా. టెక్కలి దగ్గర బస్సు చెడిపోయి సగం దూరం ఆటోలో వచ్చిందట.

"ఏటి బావూ, నిన్నూ పిలిసినారేటి?"

"పిలిచారమ్మా."

"నన్నయితే కోర్టోడొచ్చీసి ఈది మధ్యలో పేరెట్టి పిలిసినాడు. నానేదో దొంగతనం సేసినట్టు అందరూ బయటికొచ్చి సూసినారు. మా మరిదైతే అరుగు మీద కూకుని పళ్ళికిలిస్తన్నాడు."

ప్రతివాది ఆ మరిదే. భర్త పోయాక, ఇంటి వెనక ఆవిడ వాటా స్థలంలో పాక వేసి కూర్చున్నాడు. అది ఖాళీ చేయించమని ఆవిడ దావా.

"ఇదంతా నా వల్లే వచ్చిందమ్మా," అన్నాను.

"ఎవుల వల్లయితేటి. ఈయేళ సంత పోనాది. బెండకాయలు రేపటికి ముదిరిపోతాయి."

అడగకుండా ఉండలేక అడిగాను. "అంతంత కొసరు ఎందుకేసేదానివమ్మా?"

నా మొహంలోకి చూసింది. నేను నిజంగానే తెలియక అడుగుతున్నానా అని చూసినట్టుంది.

"ఎందుకేటి? బయం."

"దేనికి?"

"మరి నీకు గుప్పిడే ఏసినాననుకో. నువ్వు ఇంటికెల్లి, ఆ కూరల్దానికి పొగరెక్కువ, నన్ను సూసి కూడా గుప్పిడే ఏసినాది అనీసి అంటావు. జడ్జమ్మ మనసులో ఎట్టుకుంటాది. ఎక్కువేస్తే గెలిపిస్తాదని కాదు బావూ, నానంత పిచ్చిదాన్నేటి? తక్కువేసి ఓడిపోనాననుకో, ఆ గుప్పిడి కాడే ఓడిపోనానని సచ్చేదాకా పీకుతాది."

నేను ఏడాదిపాటు అభిమానం అని పేరు పెట్టుకున్నది అది.

"నేను చాలు, చాలు అంటూనే ఉన్నాను కదమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒకటి నా వైపు మిగలాలనిపించింది.

ఆవిడ నవ్వింది. కోపంగా కాదు, పిల్లాడి అబద్ధం పట్టుకున్నట్టు. "అనీవోడివి బావూ. సాలు సాలంటా సంచి నోరు ఇంతలావున తెరిసి అట్టుకునీవోడివి."

తర్వాత లోపలికి పిలిచారు. విచారణ చేసే పెద్దాయన మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని, రాయించి, చివర కళ్ళజోడు తీసి, "మీది వ్యాపారస్తుల కుటుంబమా?" అని అడిగారు.

"అవునండీ. కిరాణా."

"అయితే మీకు తెలిసే ఉంటుంది," అన్నారు. ఏమిటో చెప్పలేదు. నేను సంతకం పెట్టి బయటికొచ్చాను. బల్ల మీద ఆవిడ ఇంకా కూర్చునే ఉంది, తన పిలుపు కోసం.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. మా ఆవిడ రోజూ కోర్టుకు వెళ్ళేది, వచ్చేది, రాసుకునేది. నేను యూనిట్ల మాట ఎత్తడం మానేశాను. మనసులో కూడి పెట్టుకున్న పాత లెక్కలన్నీ తీసి చూసుకునేవాణ్ణి. ఎన్ని మంచి ఏళ్ళు ఒకవైపు వేసినా, రెండోవైపు మేడ మీద ఆరబోసిన ఆ మిరపకాయలే తూగేవి. ఆవిడను ఇంటికి పంపిస్తే ఆవిడ ఏం చేస్తుందో నాకు ఊహకు అందేది కాదు. నాకైతే అన్నయ్య కొట్టు ఉంది. ఆవిడకు తీర్పు రాయడం తప్ప ఇంకో సంతోషం ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే లేచి, కాగితాలు ముందేసుకుని, ఎవరిదో పెరటి హద్దు ఎక్కడుందో తేలేసరికి ఆవిడ మొహం విప్పారేది.

ఉంచారు. కుటుంబసభ్యుల విషయంలో ఇకపై మరింత జాగ్రత్తగా ఉండాలని ఒక వాక్యం రాసి ఉంచారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఫైల్లో అలాంటి వాక్యం అదే మొదటిది. అందులో కుటుంబసభ్యులు అంటే నేను ఒక్కణ్ణే.

అన్నయ్య ఫోను చేశాడు. "ఒరే, గండం గడిసిపోయింది గదా! ఇంకా ఆ మూగనోము ఏటిరా? వంకాయల కోసం ఉద్యోగాలు తీసీస్తారేటి ఎక్కడైనా? స్వీట్లు పంచు."

"పంచకూడదురా, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు," అన్నాను.

"నీ మొహం. నువ్వు తిను," అని పెట్టేశాడు.

ఆ దావా ఏమైందో మా ఆవిడ ద్వారా తెలిసే దారి లేదు. ఊళ్ళోనే తెలిసింది. ఫైలు ఇంకో ఊరి కోర్టుకు వెళ్ళింది. రెండు బస్సులు మారాలి. వాదనలు విన్న జడ్జి ఒకరు, రాసే జడ్జి ఇంకొకరు కాకూడదు కాబట్టి అక్కడ వాదనలు మళ్ళీ మొదటినుంచి. అక్కడి జడ్జిగారి దగ్గర అంతకుముందే ఉన్న దావాల వరస వెనక ఇది చేరింది. ఈలోగా మరిది పాక పీకేసి గోడ లేపాడు. అతను అర్జీ పెట్టింది మా ఆవిడ ఉద్యోగం పోవాలని కాదేమో. అతనికి కావలసింది కాస్త వ్యవధి. అది అతనికి నేను ఇచ్చాను, సంచి నోరు తెరిచి పట్టుకుని.

బదిలీ ఉత్తర్వులు వచ్చాక, సామాన్లు సర్దే ముందు, ఒకసారి బస్టాండు మలుపుకు వెళ్ళాను. విచారణ తర్వాత అటు వెళ్ళడం అదే మొదలు. ఇన్నాళ్ళూ పక్క ఊరి సంతకు బస్సులో వెళ్ళి కొంటున్నాను. ఏం చెప్పాలని వెళ్ళానో నాకు తెలియదు. దావా విషయం మాట్లాడడానికి నాకు హక్కు లేదు. డబ్బో సాయమో ఇస్తే అది ఇంకో అర్జీ. క్షమించమంటే, ఆవిడ భయపడి సరే అనవచ్చు. అది ఇంకో కొసరు.

ఆవిడ ఒక పిల్ల తల్లికి దోసకాయలు తూస్తోంది. ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచింది. మొగ్గు లేదు. సంచిలో పోసి చేతులు దులుపుకుంది.

"నాలుగు మిరపకాయలు పడెయ్యప్పా," అంది ఆ అమ్మాయి.

"కొసర్లేదు."

"ఇదేటి కొత్త? ఎప్పుడూ ఏస్తావు గదా."

"ఇప్పుడెవులికీ ఎయ్యను. కొనీవోలు ఎవులో, ఆలింట్లో ఎవులుంటారో నాకేటి తెల్సు? మల్లీ బస్సెక్కి వాంగ్మూలమివ్వమంటే నువ్వొస్తావేటి?"

ఆ అమ్మాయి మూతి తిప్పుకుంటూ వెళ్ళిపోయింది. ఎండుచేపల ఆవిడ నన్ను చూసి బుట్ట మీద గుడ్డ సర్దుకుంది.

నేను కిలో వంకాయలు అడిగాను. తూచింది. ముల్లు అటూ ఇటూ ఊగి నిలబడేదాకా, ఒక చిన్న కాయ తీసి, ఇంకొకటి పెట్టి, మళ్ళీ అది తీసి, అంత జాగ్రత్తగా తూచడం నేను మా కొట్లోనూ చూడలేదు. సంచిలో పోసింది. నేను సంచి మూతి దగ్గరకు లాగి పట్టుకున్నాను. అది ఆవిడ చూసింది.

"ఎల్లిపోతన్నారట గదా బావూ."

"అవునమ్మా. వచ్చే వారం."

"జడ్జమ్మ ఉద్యోగం ఉన్నాది గదా?"

"ఉంది."

"పోన్లే." చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. పక్క గిరాకీ వైపు తిరగబోయి, మళ్ళీ ఆగింది. "బావూ, ఒకటడుగుతాను. ఆ కొత్త కోర్టు జడ్జిగోరింట్లో కూరలు ఎవులు కొంటారో తెల్సేటి నీకు?"

"తెలీదమ్మా."

"తెలిస్తే ముందే సెప్పీ. వాయిదాలకి ఎల్లినపుడు ఆ ఊరు సంతలోనూ కూకుంటన్నాను. ఆలు నా కాడికొస్తే, ఈ తక్కెడ ఆడే పారీసి ఎలిపొస్తాను."

పక్కన ఎండుచేపల ఆవిడ ఆ మాటకు పగలబడి నవ్వింది. కూరగాయల ఆవిడ నవ్వలేదు. నేను సంచి తీసుకుని ఇంటికొచ్చి, వంకాయలు గట్టు మీద పోశాను. కాటా సామాన్లలో సర్దేసి ఉంది. తూకం సరిగ్గానే ఉంటుంది, తీసి చూడక్కర్లేదు.